ఖాళీగా ఉందని తీసుకున్న పేరు

ఇప్పుడు ఫోన్లో 'మేడింటి సారె' అని కొడితే ముక్కూ మొహం తెలియని ఎవరిదో వెబ్‌సైటు తెరుచుకుంటుంది. పట్టుచీర కట్టిన ఒక అమ్మాయి పళ్లెం నిండా లడ్డూలు పట్టుకుని నవ్వుతూ ఉంటుంది. ఆ పిల్ల కోనసీమ ఎన్నడూ చూసి ఉండదని నా నమ్మకం. బొమ్మ కింద 'తరతరాల కోనసీమ రుచి' అని రాసుకున్నారు. అది చూసిన పాతవాళ్లు అప్పుడప్పుడు నాకు ఫోన్ చేసి, "ఇది మీదేనాండి?" అని అడుగుతారు. కాదంటాను. "పోనీ పిన్నిగారిదాండి?" అంటారు. కాదంటాను. అంతకు మించి చెప్పాలంటే నా గురించి చెప్పుకోవాలి, అది ఫోన్లో అయ్యే పని కాదు.

నేను కాపురానికి వచ్చిన ఊరు కొత్తపేటకి దగ్గర. ఒకప్పుడు ఊరు మొత్తానికీ ఒక్కటే మేడ ఉండేదట. నేను వచ్చేసరికి గల్ఫు డబ్బుతో వీధికి నాలుగు లేచాయి కానీ, మేడిల్లు అంటే మాత్రం ఆ పాతదే. దాని పెరట్లో రేకుల పంచ కింద పిన్నిగారు సారె వంటలు చేసేవారు. భర్త పోయిన దగ్గర్నుంచి ఆవిడకి అదే బతుకు. పిల్లలు లేరు, హైదరాబాదులో ఒక మేనల్లుడు ఉండేవాడు. ఆవిడ నాకు చుట్టమేమీ కాదు. ఊళ్లో సగం మందికి ఆవిడ పిన్నిగారే, నాకూ అంతే.

ఆడపిల్లని అత్తారింటికి పంపేటప్పుడూ, పురుడు పోసి పసిబిడ్డతో సాగనంపేటప్పుడూ మా వైపు సారె పెట్టకుండా పంపరు. అరిసెలు, సున్నుండలు, కజ్జికాయలు, కాజాలు ఎన్ని రకాలు పెట్టినా అసలుది చలిమిడి. పుట్టింటి కడుపు చల్లగా ఉండాలని పెట్టేది అది. సారె దింపాక అత్తారివాళ్లు ఓ మంచిరోజు చూసి ఇంటింటికీ పంచుతారు. పళ్లెం అందుకున్న ప్రతి ఇల్లాలూ గుమ్మంలోనే అడుగుతుంది, "ఎవరు చేసేరండి?" అని. ఆ ప్రశ్నకి వచ్చే జవాబు మీదే పిన్నిగారి వ్యాపారం ముప్పై ఏళ్లు నడిచింది. ఆవిడ ఎన్నడూ ఒక బోర్డు కట్టించిన పాపాన పోలేదు.

మా ఆయన కువైట్‌లో బండి తోలుతున్న తొమ్మిదేళ్లూ నేను ఆ పంచలోనే పనిచేశాను. ఆవిడ మెత్తని మనిషి కాదు. పాకం చూడకుండా పిండి పోశానని ఒకసారి గరిటె లాక్కుని నన్ను పంచ అవతల నిలబెట్టారు, పెళ్లయి ఇద్దరు పిల్లలున్న మనిషిని. చలిమిడి దగ్గర మరీ పట్టింపు. దించాక పెద్ద బేసిన్లో పరిచి, పల్చటి గుడ్డ కప్పి, ఇంక దాని సంగతి మర్చిపొమ్మనేవారు. పూర్తిగా చల్లారందే డబ్బాకెత్తనిచ్చేవారు కాదు. నేను కాలుగాలిన పిల్లిలా తిరుగుతుంటే, "దానికి లేని తొందర నీకెందుకమ్మాయ్, కూర్చో" అనేవారు. అమ్మ దగ్గర కూడా నేను అన్ని మాటలు పడలేదు. అయినా ఆ పంచలో కూర్చుంటే నాకు పుట్టింట్లో ఉన్నట్టే ఉండేది.

మా ఆయన తిరిగి వచ్చేశాక, ఊరికే కూర్చోకుండా మనమే ఒక పొయ్యి పెట్టుకుందామన్నారు. పిన్నిగారికి ఎలా చెప్పాలా అని నాలుగు రోజులు నలిగిపోయాను. చెప్తే ఆవిడ పిండి జల్లిస్తూ తల ఎత్తకుండానే, "మంచిదేనమ్మాయ్, పెట్టుకో. ఇన్ని ఊళ్లకి ఒక పొయ్యి ఏం చాలుతుంది?" అన్నారు. ఆ మాట పట్టుకుని హాయిగా ఇంటికి వచ్చాను. ఆ రోజుతో ఆగిపోయి ఉంటే ఇది రాసే పనే ఉండేది కాదు.

ఇప్పుడు సారెలు చెప్పేది ఎక్కువ బయటి దేశాల్లో ఉన్న అన్నదమ్ములు. వాళ్లు ఫోన్లో వెతుక్కుని ఫోన్లోనే చెప్తారు. పిన్నిగారికి కూడా మేనల్లుడు ఏనాడో ఒక వెబ్‌సైటు పెట్టించాడు, మేడింటి సారె అని, చివర కామ్‌తో. అందులో అరిసె ఒత్తుతున్న ఆవిడ చేతుల ఫొటో ఒకటి, ఫోన్ నంబరు ఒకటి, అంతే ఉండేవి. మాకూ ఒకటి కావాలని మా ఆయన నన్ను తీసుకుని అమలాపురం వెళ్లారు. అక్కడ ఇలాంటివి చేసే ఆయన, "ఏం పేరు పెడదామండి?" అని అడిగారు. నేను దారి పొడవునా మూడు పేర్లు అనుకుని వెళ్లాను. నేను నోరు తెరిచేలోగా మా ఆయన, "మేడింటి సారె దొరుకుద్దేమో చూడండి" అన్నారు.

సైటు చేసే ఆయన చూసి, "కామ్ ఎవరో తీసేసుకున్నారండి. చివర ఇన్ అని పెట్టుకుంటే ఖాళీగానే ఉందండి" అన్నారు.

"అది పిన్నిగారి పేరండి" అన్నాను మా ఆయనతో, మెల్లగా.

"ఆవిడది కామ్. మనది ఇన్. మనం మాత్రం మేడ వేసుకోలేదా? అందులో అబద్ధం ఏవుంది?" అన్నారు.

"ఖాళీగా ఉన్నదాన్ని ఎవరు తీసుకున్నా తప్పు లేదండి అమ్మగారూ. మీరు కాపోతే రేపు ఇంకోరు తీసుకుంటారు" అన్నారు ఆ సైటు చేసే ఆయన, నన్ను ఓదారుస్తున్నట్టు.

నేను నోరు లేని మనిషిని కాదు. కూర గిన్నె ఎక్కడ పెట్టాలన్న దాని మీద కూడా మా ఇంట్లో వాదన పెట్టుకోగలను. ఆ రోజు మాత్రం ఊరుకున్నాను. ఎందుకు ఊరుకున్నానో చాలాకాలం మా ఆయన మీద పెట్టి చెప్పుకున్నాను, ఆయన మాట కాదనలేకపోయానని. అసలు సంగతి అది కాదు. ఆ పేరులో నా చేతులు కూడా ఉన్నాయి కదా అనిపించింది. తొమ్మిదేళ్లు ఆ పొయ్యి ముందు ఉడికిన మనిషిని, నాకు ఆ పేరులో వాటా లేదా అనిపించింది. వాటా ఉందనుకున్నదాన్ని వెళ్లి ఆవిడనే అడగాలి కదా. అడిగితే కాదంటారేమోనని అడక్కుండా తీసుకున్నాను. చట్టం దాన్ని ఏమంటుందో నాకు తెలీదు, మా ఇంట్లో మా అమ్మయితే దొంగతనం అనేది.

మా సైటులో ఫొటోలు ఎక్కువ, వాట్సాప్‌లో చెప్పుకునే వీలు కూడా ఉంది. వెతికినవాళ్లకి ముందు మాదే కనపడేది. రెండో నెలలో హైదరాబాదు నుంచి ఒకావిడ ఫోన్ చేసింది. "పిన్నిగారూ, బాగున్నారాండి? మా పెళ్లికి మీరే చేసేరు, గుర్తున్నానా? ఇప్పుడు మా అమ్మాయికి కజ్జికాయలు కావాలండి" అంది. నేను ఒక్క క్షణం ఆగాను. ఆ క్షణంలో చెప్పేసి ఉండొచ్చు, అమ్మా, నేను ఆవిడని కాను, ఆవిడ నంబరు ఇస్తాను రాసుకోండి అని. పక్కన మా ఆయన కళ్లతోనే ఊ అనమంటున్నారు. "ఆయ్" అన్నాను. ఆవిడ ఏదో చెప్తూనే ఉంది, నేను ఆయ్, ఆయ్ అంటూనే ఉన్నాను.

రెండోసారికి అంత కష్టం అనిపించలేదు. మూడోసారికి అలవాటయిపోయింది. సంతలోనో కిరాణా కొట్టు దగ్గరో పిన్నిగారు ఎదురైతే మాత్రం నాకు ఏదో ఒక అర్జంటు పని గుర్తొచ్చేది. ఆవిడ "ఎలా ఉందమ్మాయ్ నీ పొయ్యి?" అని అడిగేవారు. "బానే ఉందండి" అని తప్పుకునేదాన్ని. ఆవిడ ఇంకా ఏదో అడుగుతారన్నట్టు ఒక్క నిమిషం నిలబడి, వెళ్లిపోయేవారు.

అలా ఏడాది గడిచింది. ఆ వేసవిలో కువైట్ నుంచి ఒక అబ్బాయి సారె చెప్పాడు. తండ్రి లేడు. తల్లి అంబాజీపేట దగ్గర కొబ్బరి షెడ్డులో ఎండుకొబ్బరి ఒలుస్తుంది. చెల్లెలికి తొలి పురుడు పోసి, ఐ.పోలవరం అవతల అత్తారింటికి పంపుతున్నారు. "అత్తారివాళ్లు కాస్త ఉన్నోళ్లండి. మా అమ్మ మాట పడకూడదని మేడింటివాళ్లకే చెప్తున్నానండి" అన్నాడు. ఒక్క సంగతి మాత్రం ఖచ్చితంగా చెప్పాడు. సారె బండి వర్జ్యం రాకముందే మా ఇంటి గుమ్మం దాటాలని వాళ్లమ్మ పట్టుబట్టిందట.

తెల్లారగట్లే మొదలుపెట్టినా చలిమిడికి బియ్యం సరిగ్గా నానక, పిండి మళ్లీ పట్టించాల్సి వచ్చి ఆలస్యమైంది. చలిమిడి దించేసరికి వర్జ్యానికి ముప్పావుగంట ఉంది. బండి గుమ్మంలో ఉంది, మా ఆయన గడియారం చూస్తూ గుమ్మం దగ్గర నిలబడ్డారు. బేసిన్లో పరిచి, రెండు విసనకర్రలు పెట్టి విసిరాం. పైన చల్లారినట్టే ఉంది. వేలు లోపలికి గుచ్చితే కాలుతోంది. నాకు తెలుసు. తెలిసే డబ్బాలకెత్తించి మూతలు బిగించాను. వర్జ్యంలో సారె పంపిస్తే ఆ తల్లి ఏమైపోతుందోనని భయపడ్డాను గానీ, వేడి చలిమిడికి మూత పెడితే ఏమవుతుందన్నది పక్కకి నెట్టేశాను. ఒక గంట ఆలస్యమైతే ఆ పిల్లకి ఏ కీడూ వచ్చేది కాదు. ఇప్పుడు అనుకుని ఏం లాభం.

తర్వాత సంగతి నాకు పది రోజులకి గానీ తెలియలేదు. పిన్నిగారి దగ్గర కొబ్బరి తురిమే ఆవిడ, ఒకప్పుడు నా పక్కనే పీట వేసుకుని కూర్చున్న మనిషి, ఒక మధ్యాహ్నం మా ఇంటికి వచ్చింది. లోపలికి రమ్మన్నా రాలేదు. అరుగు మీద కూర్చుని, నా మొహం చూడకుండా చెప్పింది.

అత్తారింట్లో సారెని దేవుడి గదిలో దింపి, రెండు రోజులాగి మంచిరోజున విప్పారు. ఊళ్లో ఆడవాళ్లు పంచడానికి వచ్చి కూర్చున్నారు. చలిమిడి డబ్బా మూత తీస్తే పుల్లటి వాసన. పైనంతా బూజు. పసిబిడ్డతో వచ్చిన కోడలి ముందు, అంతమంది ఆడవాళ్ల ముందు, ఆ అత్తగారు, "మీ అమ్మ కడుపు చలవ ఇదేనా" అన్నదట. ఎవరు చేసేరని అడిగితే ఆ పిల్ల మేడింటివాళ్లని చెప్పింది. చలిమిడిని కాలవలో పారబోశారు.

సంగతి తెలిసిన తల్లి కువైట్‌లో ఉన్న కొడుక్కి ఫోన్ చేయలేదు. అంత దూరంలో ఉన్నవాడికి ఇది చెప్పి ఏడిపించడం ఎందుకనుకుంది. చేస్తే అతను మాకు చేసేవాడు, అక్కడే తేలిపోయేది. ఆవిడకి వెబ్‌సైటులూ కామ్‌లూ ఇన్‌లూ ఏం తెలుసు? మేడిల్లు తెలుసు. అత్తారింటి నుంచి తిరిగొచ్చిన ఖాళీ డబ్బా పట్టుకుని, ఆటో మాట్లాడుకుని నేరుగా పిన్నిగారి గుమ్మంలోకి వచ్చింది. "మీకు మేమేం అపకారం చేసేమండి" అని వాకిట్లోనే కూలబడి ఏడ్చింది.

"మరి పిన్నిగారు ఏమన్నారు?" అని అడిగాను.

"ఏవంటారు. డబ్బా చూసేరు. మూత తిప్పి చూసేరు. నేను అన్నానండి, ఇది మనం చెయ్యలేదు, ఈవిడతో చెప్పేద్దావని. 'ఊరుకో' అన్నారు. ఆవిడ పక్కన కూర్చుని, 'నాదే తప్పమ్మా, వేడి మీద మూత పెట్టేను' అన్నారు."

ఆ రోజే బియ్యం నానబోశారట. మర్నాడు అన్నీ మళ్లీ చేశారు. డెబ్భై దాటిన మనిషి, మోకాళ్లు పట్టేస్తాయని స్టూలు వేసుకుని మరీ పొయ్యి ముందు కూర్చున్నారు. చల్లారనిచ్చి, మూడో రోజున తనే ఆటోలో సారె పెట్టుకుని ఐ.పోలవరం అవతలికి వెళ్లారు. ఆ అత్తగారి ముందు చేతులు జోడించి, పిల్ల తల్లిది తప్పు లేదని, చేసినదాన్ని నేనని, పొరపాటు నాదని చెప్పారు. ఆ ఊళ్లో ఇంటింటికీ పంచేదాకా ఉండి వచ్చారు. తిరిగొచ్చి ఆ సాయంత్రమే పొయ్యిలో బూడిద ఎత్తించి, పంచ అలికించి, ఇంక పని లేదు, వెళ్లిరమ్మని మనుషులకి చెప్పేశారు.

"ఎందుకని అడిగేవా?" అన్నాను.

"అడిగేనండి. 'నా పేరు మీద ఎవరింటికి ఏం వెళ్తోందో నాకే తెలీటం లేదు. జవాబు చెప్పలేనప్పుడు చెయ్యకూడదే' అన్నారు." కొబ్బరి తురిమే ఆవిడ లేచి చీర దులుపుకుంది. "మీకు చెప్పమని ఆవిడ నన్ను పంపలేదండి. నేనే వచ్చేను" అంది.

ఆ రోజు ఇంట్లో మా ఆయనతో పెద్ద గొడవ పడ్డాను. "మనం ఎవరింట్లోనూ చొరబడలేదు కదే" అన్నారు ఆయన. "చొరబడ్డా బాగుండేది, గొళ్లెం విరిచినట్టు ఆవిడకి కనపడేది" అన్నాను. ఆయన ఆ పూట అన్నం దగ్గర కూర్చుని రెండు ముద్దలు కలిపి లేచిపోయారు. మర్నాడు నన్ను అడక్కుండానే అమలాపురం వెళ్లి సైటు తీయించేసి వచ్చారు. అది అలా ఖాళీ అయింది. పిన్నిగారు కూడా తనది కట్టొద్దని మేనల్లుడికి చెప్పేశారు కాబట్టి అదీ గడువు తీరి ఖాళీ అయింది. ఆ రెండిటినీ ఎత్తుకెళ్లిన వాళ్లదే ఆ లడ్డూల అమ్మాయి ఫొటో. వాళ్ల నంబరుకి ఫోన్ చేసి చెడామడా దులిపేద్దామని ఎన్నోసార్లు అనుకున్నాను. ఏ మొహం పెట్టుకుని చేయను?

సైటు తీసేశాక కూడా నేను పిన్నిగారింటికి వెళ్లడానికి పదిహేను రోజులు పట్టింది. ఏం చెప్పాలో వల్లించుకుంటూ వెళ్లాను. ఆవిడ వసారాలో మంచం మీద కూర్చుని ఉన్నారు. మోకాళ్లకి గుడ్డ కట్టుకున్నారు. నేను వల్లించుకున్నదేదీ నోటికి రాలేదు. "పిన్నిగారూ, ఆ చలిమిడి నేనే చేసేనండి. మీ పేరు పెట్టుకుని నేనే పంపేను" అన్నాను.

"తెలుసమ్మాయ్" అన్నారు.

"డబ్బా చూసి పట్టేసేరాండి?"

"డబ్బా వరకూ ఎందుకు? ఏడాదైంది తెలిసి. హైదరాబాదావిడ ఒకావిడ కారేసుకుని ఇటొచ్చింది. కజ్జికాయలు భలే ఉన్నాయి పిన్నిగారూ అని మిగిలినవి చూపించింది. నేనెప్పుడు చేసేనా అనుకున్నాను. ఒకటి నోట్లో వేసుకున్నాను, నీ చెయ్యి తెలిసిపోయింది. కొబ్బరి దోరగా వేపడం నేను నీకు నేర్పలేదు, అది నీ సొంతం."

"మరి నన్ను పిలిచి అడగలేదేవండి?" అన్నాను. అడుగుతూనే ఏడుపు వచ్చేసింది. ఆవిడ సంతలో నా ముందు నిలబడిన ఒక్కొక్క నిమిషం ఏమిటో నాకు అప్పుడు తెలిసింది.

ఆవిడ కాసేపు మోకాలు రాసుకున్నారు. కోపం లేదు గొంతులో. కోపం ఉంటే నాకు ఇంత బాధ ఉండేది కాదు.

"అడిగితే తీసేసేదానివి. అది నాకు తెలుసు. నీ అంతట నువ్వొచ్చి చెప్తావని చూసేను. రేపొస్తావు, ఎల్లుండొస్తావు అనుకున్నాను. వచ్చి ఒక్క మాటంటే, ఉంచుకోవే అందావనుకున్నాను. నేనింకెన్నాళ్లు చేస్తాను? నా తర్వాత ఆ పేరు నీకు కాక ఎవరికిద్దును?"

ఇప్పుడైనా ఇస్తారా అని అడిగే సిగ్గులేనితనం కూడా ఒక్క క్షణం నాలో తలెత్తింది. అది ఆవిడకి కనపడిందో ఏమో, తల అడ్డంగా ఊపారు.

"ఇప్పుడు ఇవ్వలేనమ్మాయ్" అన్నారు. "ఆ పేరుకి ఇంక జవాబు చెప్పాల్సింది నేనే. ఆ పిల్ల తల్లికి అది నా తప్పని చెప్పేసేను కదా."